మూడా ఎనిమిదా

జూలై 9, 2013. మంగళవారం

మానిటర్ మీద నల్లటి చుక్క. ఈగ అనుకుని చెయ్యి విసిరాను. పోలేదు. కొంగుతో తుడిచాను. పోలేదు. చూపు పక్కకు తిప్పితే అదీ నాతో వచ్చింది... గోడ మీదికి, క్యాలెండర్ మీదికి, పన్ను రిటర్న్ సంగతి కనుక్కోవడానికి వచ్చి ఎదురు కుర్చీలో కూర్చున్న యాదగిరి సార్ తెల్ల చొక్కా మీదికి.

అప్పుడు తెలిసింది. చుక్క అద్దం మీద లేదు. నా కుడికంట్లో ఉంది.

టైపు చేయడం ఆపేశాను కాబోలు, "ఏంది మేడం, కరెంట్ పోయిందా?" అన్నాడు సార్.

"లేదు సార్, సిస్టం జర స్లో అయింది."

జూలై 10

చుక్క అలాగే ఉంది. దానికి తోక మొలిచింది.

జూలై 12

ఆదాయం ఐదు లక్షలు దాటితే ఆదాయపన్ను రిటర్న్ ఆన్‌లైన్‌లోనే వేయాలని ఈ ఏడు కొత్త రూలు. సూర్యాపేటలో ఉన్న టీచర్లు, లెక్చరర్లు అందరూ నా ఆఫీసు షట్టర్ ముందే ఉన్నట్టుంది. తాళం తీయకముందే మెట్ల మీద కూర్చుంటున్నారు. ఇలాంటి సీజన్ రావాలని ఎన్నేళ్లు అనుకున్నానో. వచ్చింది, చుక్కను వెంటేసుకుని.

మధ్యాహ్నం కోదాడ నుంచి సుజాత ఫోన్. రెండు సీజన్లు నా దగ్గర పని నేర్చుకుని అక్కడ సొంతంగా ఆఫీసు పెట్టుకుంది. ఏ చిక్కొచ్చినా ఇప్పటికీ నాకే చేస్తుంది.

"అక్కా, ఎక్సెల్ ఫైల్లో బటన్ నొక్కితే ఏం కదలట్లేదక్కా."

"మాక్రోలు ఆన్ చేసినవా?"

"చేశా."

"పోయినేడు ఫైల్ల నుంచి కాపీ చేసి పేస్ట్ కొట్టినవా?"

"పేర్లు, అడ్రసులే అక్కా..." కొట్టిందన్నమాట.

"గందుకే. పేస్ట్ కొడితే లోపల లెక్కంత ఆగమైతది. కొత్త ఫైల్ తీసుకో. ఒక్కొక్కటి చేత్తోని కొట్టు. ప్రతి షీట్‌కు వ్యాలిడేట్ నొక్కు. అన్నీ ఓకే అన్నంకనే అప్‌లోడ్ ఫైల్ చెయ్యి."

ఇదంతా కళ్లు మూసుకుని చెప్పాను. నిజంగానే మూసుకున్నాను. మూసుకుంటే చుక్క లేదు, తోక లేదు. హాయిగా ఉంది.

ఆ హాయికే భయమేసింది.

జూలై 14. ఆదివారం

మా ఆయన నిన్న రాత్రి మఠంపల్లి నుంచి వచ్చాడు. సిమెంట్ ఫ్యాక్టరీలో వారానికి ఒక్కరోజే సెలవు. పొద్దున చాయ్ తాగుతూ అడిగాడు.

"ఏందే, కండ్లు అట్ల నలుపుతున్నవ్?"

"నిద్ర సాలలే."

"షుగర్ టెస్ట్ ఎప్పుడు చేయించినవ్?"

"మొన్ననే."

మొన్న కాదు. దసరాకు ముందు ఎప్పుడో. మాత్రలు కూడా సీజన్‌లో రెండు పూటలు వేసుకుంటే ఒక పూట మరిచిపోతాను. ఆయన పేపర్ చదువుకుంటున్నాడు. నేను వంటింట్లో నిలబడి ఎడమకన్ను మూసి, కుడికంటితో గోడ గడియారం చూశాను. ముళ్లు ఉన్నాయని తెలుసు కాబట్టి కనిపించాయి. అంతే.

అమ్మ ఆఖరి రోజుల్లో గోడ పట్టుకుని నడిచేది. గోడ అయిపోయిన చోట ఆగిపోయేది. ఎవరో ఒకరు వచ్చి చెయ్యి ఇచ్చేదాకా అక్కడే నిలబడేది. పిలిచేది కాదు. అమ్మదీ షుగరే.

జూలై 17

చెప్పకుండా కంటి డాక్టరు దగ్గరికి పోయాను. చుక్కల మందు వేసి గంట కూర్చోబెట్టారు. తర్వాత లైటు. తల లోపలి దాకా పోయే లైటు.

"షుగర్ ఎన్నేండ్ల నుంచి ఉందమ్మా?"

"పదేండ్లు దాటింది."

"కంటి ఎనక పొర మీద రక్తం కారింది. ఎడమ కంట్ల కూడా మొదలైతున్నది. రేపే హైదరాబాద్ పోండ్రి, లేజర్ చేస్తరు."

ఎడమకంట్లో కూడా. ఆ మాట దగ్గరే ఉండిపోయాను.

"సార్, నెలాఖరు దాకా నాకు సీజన్. ముప్పై ఒకటి అయిపోంగనే పోత."

డాక్టరు చీటీ రాయడం ఆపాడు. "నీ సీజన్ కోసం కన్ను ఆగుతదా?" అన్నాడు. కోపంగా కాదు. అదే భయం.

బయటికి వస్తే ఎండ సూదుల్లా గుచ్చింది. ఆటోవాడు చెయ్యి పట్టి ఎక్కించాడు. ఎవరైనా చూశారేమో.

జూలై 18

పోలేదు. మెట్ల మీద జనం.

జూలై 19

నాకు నేను కొన్ని పద్ధతులు పెట్టుకున్నాను. ఎవరికీ అనుమానం రాకూడదు.

ఎవరి కాగితం వాళ్లే చదవాలి. ఈసారి రూలు మారిందని చెబుతున్నాను. జీతం లెక్కల ఫారం పదహారు చేతికిచ్చి "పైకి చదవుండ్రి సార్, నేను కొడుత" అంటున్నాను. పాన్ నంబర్ రెండుసార్లు. అందులో ఐదో అక్షరం ఇంటిపేరు మొదటి అక్షరం అయి ఉంటుంది, అది చెవితోనే సరిచూసుకోవచ్చు. ఖాతా నంబర్ ఒకసారి ముందు నుంచి, ఒకసారి వెనక నుంచి. తెర మీద అక్షరం రెండింతలు చేశాను. జీతంలో కోసిన పన్ను ఫారంలో ఎంత ఉందో, డిపార్ట్‌మెంట్ సైట్‌లోనూ అంతే ఉందో లేదో చదివించకుండా అప్‌లోడ్ నొక్కడం లేదు. ఆఖర్న వచ్చే కాగితం మీద నీలం సిరాతో సంతకం పెట్టమని, పిన్ను కొట్టొద్దని, బార్‌కోడ్ మీద మడత పడకుండా బెంగళూరుకు పోస్ట్ చేయమని ఎప్పటిలాగే చెబుతున్నాను. అది నోటికి వచ్చిన పాఠం.

యాదగిరి సార్ ఇంటర్ కాలేజీలో లెక్చరర్. ఈ కొత్త పద్ధతి ఆయనకు తెగ నచ్చింది. కాగితం పట్టుకుని క్లాసులో చదివినట్టు చదివాడు. "మంచిగున్నది మేడం గిట్ల చదివితే. ఇన్నేండ్లు సంతకం పెట్టినంగని ఏమున్నదో సూడలే" అన్నాడు.

నవ్వాను. మనసులో మాత్రం ఒకటే ఆలోచన. తొమ్మిదో తారీఖు నుంచి నిన్నటి దాకా ఎవరూ చదవకుండానే నేనొక్కదాన్నే చూసి కొట్టినవి? కాగితాలు టేబుల్ మీద పెట్టి డ్యూటీకి పోయినవాళ్లవి?

జూలై 22

సుజాత మళ్లీ ఫోన్. పేరు సరిపోవట్లేదని సైట్ ఒప్పుకోవడం లేదట. పాన్ కార్డు మీద ఎట్లుంటే అట్లనే కొట్టు, సర్టిఫికెట్ల మీద ఉన్నది కాదు అని చెప్పాను. మిర్యాలగూడలో తనకు తెలిసినాయన ఒకరికి అదే ఇబ్బందట, నా నంబర్ ఇవ్వనా అంది.

ఇవ్వమన్నాను. ఫోన్‌లో నన్ను మించినవాళ్లు లేరు.

జూలై 23

జరిగింది. జరుగుతుందని తెలుసు. జరిగింది.

మల్లేశం సార్ పొద్దున్నే వచ్చాడు. త్రిపురారం నుంచి బస్సెక్కి, మిర్యాలగూడలో తన బడికి సెలవు పెట్టి. గొర్రెలు కాసిన ఇంట్లో మొదటి ఉద్యోగం ఆయనది. ప్రతి కాగితం ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుంటాడు. పోయిన వారం సోమవారం కవర్ ఇచ్చి వెళ్లాడు, సాయంత్రానికల్లా రిటర్న్ వేసి మెయిల్‌కు పంపాను.

నిలబడే మాట్లాడాడు.

"మేడం, ఏమనుకోకుండ్రి. నా ఖాతా నంబర్ల ఆఖరికి మూడున్నది. మీరు ఎనిమిది కొట్టిన్రు."

"సూపియ్యండి సార్."

పాస్‌బుక్ తెర పక్కన పెట్టాడు. చూశాను. రెండూ ఒకేలా ఉన్నాయి. రెండూ ఎనిమిదే. లేదా రెండూ మూడే. ఆయన వేలు ఆ అంకె మీద ఉంది. నేను ఎంతసేపు చూశానో.

"అవును సార్. నాదే తప్పు. గిప్పుడే దిద్ది రివైజ్డ్ రిటర్న్ వేస్త. గడువు లోపల వేసినం కాబట్టి పరేషాన్ ఏం లేదు. పాతదాని రసీదు నంబర్, తేదీ చదవుండ్రి."

చదివాడు. కొట్టాను. మళ్లీ వేశాను. ఆయన కొత్త కాగితం కవర్లో పెట్టుకున్నాడు.

మెట్లు దిగుతూ వెనక్కి తిరిగాడు. "మీరు తప్పు కొట్టంగ ఎన్నడు సూడలే మేడం. ఇంట్ల అంత మంచిదే గద?"

కోప్పడితే బాగుండేది.

జూలై 24

మల్లేశం సార్ చూసుకున్నాడు కాబట్టి దొరికింది. చూసుకోనివాళ్లు?

చిలుకూరు లింగమ్మ గుర్తొస్తోంది. భర్త పోయాక పెన్షన్ వస్తోంది, కాగితాలు అన్నీ సంచిలో తెచ్చి నా ఒళ్లో గుమ్మరించి పోతుంది. నేను ఏం కొట్టానో ఆమెకు తెలియదు. ఆరు నెలల తర్వాత ఇంగ్లిష్‌లో నోటీసు వస్తే పోలీసులు రాశారనుకుంటుంది. ఎవరికీ చూపించదు. దిండు కింద పెట్టుకుని ఏడుస్తుంది.

అవన్నీ తెరిచి సరిచూడాలి. చూడాల్సింది ఈ కళ్లతోనే.

జూలై 25

సుజాతకు చెప్పాలి. వేరే ఎవరున్నారు? సైట్ తెలిసిన మనిషి కావాలి, నోరు జారని మనిషి కావాలి.

కానీ పోయినేడు తనే అంది, "సూర్యాపేటలో కూడా ఒక బ్రాంచి పెట్టాలని ఉందక్కా" అని. అప్పుడు ఇద్దరం నవ్వుకున్నాం. నాకు కనపడదని తెలిస్తే ఊరంతా తెలుస్తుంది. కనపడని మనిషికి కాగితాలు ఎవరిస్తారు? నేనైనా ఇస్తానా?

రెండుసార్లు నంబర్ నొక్కి పెట్టేశాను. మూడోసారి తనే చేసింది.

"ఏంటక్కా, మిస్డ్ కాల్స్? ఏదన్నా ఎర్రరా?"

"ఎర్రరే" అన్నాను. ఏడుపు వచ్చింది. దుకాణం మధ్యలో, ఇద్దరు టీచర్లు కూర్చుని ఉండగా.

జూలై 26

రాత్రి ఫోన్‌లో అంతా చెప్పాను. పొద్దున బస్సుకే సుజాత దిగింది. కోదాడలో తన షట్టర్ మూసుకుని వచ్చింది, ఈ సీజన్‌లో. లోపలికి రాగానే నా గడ్డం పట్టుకుని వెలుగు వైపు తిప్పి కళ్లలోకి చూసింది. బయటికి ఏం కనిపిస్తుంది?

"నేనెవరో కనపడుతున్నానా?"

"కనపడుతున్నవ్. ముక్కు మీద నల్ల చుక్కున్నది, గంతే."

నవ్వింది. నవ్వి కొంగుతో కళ్లు తుడుచుకుంది. నాకు కనపడదనుకుంది. కనపడింది.

లోపలి గదిలో సిస్టం పెట్టుకుని ఒక్కొక్కటే తీసింది. తను పైకి చదువుతుంది, నేను వింటాను. వచ్చినవాళ్లకు "కోదాడ మేడం, సాయానికి వచ్చింది" అని చెప్పాను. లింగమ్మది వచ్చింది.

"అక్కా, కోసిన పన్నులో ఆరు ఉండాల్సిన చోట ఎనిమిది ఉంది."

నేను లేచి నిలబడ్డాను. ఎందుకో తెలియదు. ఎక్కడికి పోతానని?

"కూర్చో. రివైజ్డ్ వేస్తున్నా. ఇదిగో, అయిపోయింది." తర్వాత మెల్లగా అంది. "హాస్పిటల్‌కి ఎప్పుడు?"

"ముప్పై ఒకటి కానీ."

"అక్కా..."

"ముప్పై ఒకటి కానియ్యి సుజాతా."

జూలై 28. ఆదివారం

ఆయన ఇంట్లో. అన్నం వడ్డిస్తూ కూర పళ్లెం అంచు దాటించి పోశాను. చూశాడు. చేప ముళ్లు తనే తీసి నా పళ్లెంలో పెట్టాడు. పెళ్లయ్యాక ఎప్పుడూ చేయని పని.

తెలుసా? తెలిస్తే ఎందుకు అడగడు? అడిగితే చెప్పాలి. చెప్తే షట్టర్ దించేయమంటాడు. "నీ సంపాదన లేకపోతే దినం గడవదా" అని ఎన్నిసార్లు అన్నాడో. సంపాదన కాదు. షట్టర్ ఎత్తితే నేను విజయక్కను, మేడంను. దించితే ఎవరిని?

జూలై 30

సాయంత్రం. ఎదురుగా హోటల్ టీవీ దగ్గర ఒక్కసారి కేకలు. యాదగిరి సార్ మెట్లు ఎక్కి పరుగెత్తుకొచ్చాడు, మొహం నిండా గులాల్.

"మేడం, ఇస్తున్నరంట! తెలంగాణ ఇస్తున్నరంట!"

చేతిలో మిఠాయి పెట్టాడు. షుగర్ సార్ నాకు అంటే, "ఇయ్యాల ఒక్కరోజుకు ఏం గాదు" అన్నాడు. తిన్నాను. ఆయన ఏడుస్తున్నాడు, నవ్వుతున్నాడు. సుజాత కోదాడ మనిషి, అటు సగం ఇటు సగం చుట్టాలు. తనూ తింది.

రోడ్డంతా పటాసులు. నాకు కుడివైపు అంచున మెరుపులు మెరిశాయి, వెండి తీగల్లా. రాకెట్లు అనుకున్నాను. బాగున్నాయి కూడా. లోపలి గదిలోకి వచ్చాను. అక్కడా మెరిశాయి. తలుపు వేశాను. మెరిశాయి. కళ్లు మూసుకున్నాను.

మెరుస్తూనే ఉన్నాయి.

"సుజాతా, పటాసులు ఇంక కాలుస్తున్నరా?"

"ఆగిపోయి చాలాసేపయిందక్కా. ఏం?"

చెప్పాను. ఒక చేత్తో నా చెయ్యి పట్టుకుంది. ఇంకో చేత్తో ఫోన్ తీసి మా ఆయనకు చేసింది. వద్దు వద్దు అంటున్నాను. వినలేదు. "అన్నయ్యా, అక్కకి కళ్లు కనపడట్లేదు" అనేసింది. ఒక్క ముక్కలో. ఇన్ని రోజులు నేను దాచింది.

జూలై 31

బస్సులో హైదరాబాద్. ఆయన కిటికీ పక్కన నన్ను కూర్చోబెట్టి చెయ్యి వదల్లేదు. నార్కట్‌పల్లి దాటాక అడిగాడు.

"నాకెందుకు జెప్పలే?"

"షట్టర్ బంద్ చేయమంటవని."

"అంత దుష్మన్‌నా నీకు?"

సుజాత మెసేజ్ పెట్టింది, ఆయన చదివాడు. గడువు ఐదో తారీఖు దాకా పొడిగించారట. ఎన్నేళ్లుగానో ఈ మాట వింటే ఎగిరి గంతేసేదాన్ని.

ఆగస్టు 3

గీత వదిలి గీత రాస్తున్నాను, అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడకుండా.

రెండు కళ్లకూ లేజర్ అయింది. పచ్చటి వెలుగు, చిటుకు చిటుకుమని. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను. పెద్ద డాక్టరమ్మ మెత్తగా మాట్లాడింది. కుడికంట్లో పొర అంచు లాగుతోందట, చుట్టూ కాల్చి ఆపామంది. రక్తం దానంతట అది కరిగితే సరి, కరగకపోతే ఆపరేషన్. చూపు వస్తుందా అని ఆయన అడిగాడు. "ఉన్నది పోకుండా చూస్తున్నామండీ" అంది.

రెండు దిండ్లు ఎత్తుపెట్టుకుని పడుకోవాలి. బరువులు ఎత్తొద్దు. వంగొద్దు. ముందే వచ్చి ఉంటే అన్న మాట ఆమె అనలేదు. ఆయనా అనలేదు. నాకు నేనే అనుకుంటున్నాను, లేచింది మొదలు.

ఆగస్టు 5

ఆఖరి రోజు. నేను ఇంట్లో. నా కుర్చీలో సుజాత.

ఫోన్ చేసి చెప్పింది. అన్నీ వేసేసింది. నేను ఒక్కదాన్నే చూసి కొట్టిన వాటిలో ఇంకొకటి తప్పు దొరికింది, దిద్దింది. యాదగిరి సార్ మధ్యాహ్నం అంతా కూర్చుని వచ్చినవాళ్ల కాగితాలు పైకి చదివి పెట్టాడట.

"అందరు అడిగారక్కా, మేడం ఏదని."

"ఏం జెప్పినవ్?"

"కంటికి లేజర్ అని చెప్పా. అబద్ధాలు ఎన్నని ఆడను?"

ఊరంతా తెలిసింది. ఫోన్ పెట్టేసి గోడ వైపు తిరిగి పడుకున్నాను.

ఆగస్టు 8

మల్లేశం సార్ ఇంటికి వచ్చాడు. వాళ్ల గొర్రెపాలు అని సీసా తెచ్చాడు, కంటికి మంచిదని వాళ్లమ్మ పంపిందట. కాసేపు కూర్చున్నాడు. ఏదో అడగాలని ఉంది, అడగలేకపోతున్నాడు.

"మేడం, మా స్టాఫ్‌ల ఇంకో ఇద్దరున్నరు, గడువు దాటింది. ఆలస్యంగ వేయొచ్చా?"

"వేయొచ్చు సార్, మార్చి దాకా టైమున్నది. బాకీ పన్ను ఉంటే ముందుగాల అది కట్టాలె. ఆలస్యంగ వేసినదాన్ని మళ్ల దిద్దనియ్యరు, గందుకని తప్పు లేకుండ కొట్టాలె."

తప్పు లేకుండా. ఇద్దరం ఆ మాట విన్నాం. ఆయన కిందికి చూశాడనుకుంటాను.

"కాగితాలు ఎవరికియ్యమంటరు మేడం? మీకా, కోదాడ మేడంకా?"

ఆలోచించి చెబుతానన్నాను.

ఆగస్టు 10

చెకప్. కుడికన్ను ఇంకా ఎర్ర నీళ్లలోంచి చూసినట్టే. ఎడమకన్ను బాగుందట. బాగుంది అని రెండుసార్లు అడిగి చెప్పించుకున్నాను. రోజూ పొద్దున కుడికన్ను మూసుకుని తలుపు చట్రాన్నో కిటికీ ఊచలనో చూడమంది డాక్టరమ్మ. నిటారు గీత వంగినట్టు కనిపిస్తే ఆగొద్దు, ఆ రోజే రావాలి.

సుజాత బోర్డు మీద ఇద్దరి పేర్లు రాయిద్దామంటోంది. తను చదువుతుందట, నేను చెబుతానట. సగం సగం. ఇది జాలా, వ్యాపారమా? అడగలేదు. ఏదైనా సరే అనిపిస్తోంది, అలా అనిపించడమే భయంగా ఉంది.

ఆగస్టు 11. ఆదివారం

పొద్దున లేచి మంచం మీదే కూర్చుని కుడికన్ను అరచేత్తో మూసుకున్నాను. కిటికీ. మొదటి ఊచ నిటారుగా ఉంది. రెండోది నిటారుగా ఉంది. మూడోది మధ్యలో, చిలుక ముక్కులా కాదు, కొంచెం... పక్కకు.

రెప్ప కొట్టి మళ్లీ చూశాను. అలాగే ఉంది. తల కదిపాను. అలాగే ఉంది. ఈ ఇంట్లోకి వచ్చి ఎన్నో ఏళ్లయింది, ఆ కిటికీ ఊచలు ఎలా ఉంటాయో ఎప్పుడూ చూడలేదు. మొదటి నుంచి వంగే ఉందేమో, అయితే తప్పు ఊచది, నా ఎడమకంటిది కాదు. పాత ఇల్లు, కిరాయి ఇల్లు, ఎవరు కొట్టారో ఏమో.

ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు.

"ఏమయ్యా, ఆ మూడో ఊచ వంగున్నదా?"

గుండీ దగ్గర చెయ్యి ఆగింది. నా వైపు చూశాడు, నా అరచేతి వైపు చూశాడు. కిటికీ దగ్గరికి వెళ్లాడు. ఊచను పైన పట్టుకుని వేళ్లు మెల్లగా కిందికి జరుపుతున్నాడు. సగం దాకా వచ్చాయి. అక్కడ ఆగాయి. మళ్లీ పై నుంచి మొదలుపెట్టాడు.